కదిలితే మాయం

శవం తెర మీద ఉన్నట్టుండి ప్రత్యక్షమైంది.

పోలీసు స్టేషన్‌లో ఆమె చూస్తున్న ఆ వీడియోలో అంతకు ముందు క్షణం దాకా సిమెంటు నేల తప్ప ఏమీ లేదు. మరుక్షణం ఒక మనిషి బోర్లా పడి ఉన్నాడు. తల వెనక భాగం లోపలికి నొక్కుకుపోయింది. చుట్టూ నెత్తురు చిక్కగా మడుగు కట్టి ఉంది. ఎవరూ నడిచి రాలేదు, ఎవరూ కొట్టలేదు, ఎవరూ పడలేదు. రెండు బారల దూరంలో ఆమె అన్న మోకాళ్ల మీద కూర్చుని, అటు వీపు పెట్టి, వెల్డింగ్ చేసుకుపోతున్నాడు. పని అయ్యాక ఆర్క్‌ను, అంటే వెల్డింగ్ మంటను, ఆర్పి, ముఖం మీది ముసుగు పైకెత్తాడు. అంతలో అతడూ మాయమయ్యాడు. మళ్లీ కనిపించేసరికి శవం పక్కన కొయ్యబారి నిలబడి ఉన్నాడు. చేతిలో సుత్తి ఉంది.

ఇన్‌స్పెక్టర్ వీడియో ఆపాడు. షెడ్డు యజమానిని చంపింది అతడేనని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలన్నట్టు ఆమె వైపు చూశాడు. మధ్యమధ్య బొమ్మ ఎగిరిపోవడం గురించి అడిగితే, కెమెరాలు తడబడడం తాము రోజూ చూసేదేనన్నాడు.

"అది తడబాటు కాదండీ. అలా చేయమని నేనే రాశాను," అందామె.

ఆమె పనిచేసే కంపెనీ ఫొటోలను, వీడియోలను శుద్ధి చేసే సాఫ్ట్‌వేర్ తయారు చేస్తుంది. వెల్డింగ్ షెడ్డును కెమెరాతో తీయడం గొప్ప తలనొప్పి. ఆర్క్ వెలుగు సూర్యుడంత, చుట్టూ ఉన్న షెడ్డులో నేలమాళిగంత చీకటి. ఆర్క్ కనపడేలా తీస్తే షెడ్డు నల్లబడుతుంది, షెడ్డు కనపడేలా తీస్తే ఆర్క్ చుట్టూ అంతా తెల్లటి మచ్చ అయిపోతుంది. అందుకని కెమెరా రెప్పపాటులో మూడు ఫ్రేములు తీస్తుంది: ఆర్క్ కోసం కన్ను అతి తక్కువసేపు తెరిచి తీసే పొట్టిది ఒకటి, మధ్యరకం ఒకటి, చీకటి మూలల కోసం కాస్త ఎక్కువసేపు కన్ను తెరిచి తీసేది ఒకటి. మూడింట్లోనూ బాగున్న ముక్కలు ఏరి సాఫ్ట్‌వేర్ ఒకే బొమ్మగా కలుపుతుంది. ఆ మూడింటి మధ్య ఏదైనా కదిలితే మాత్రం కలిపిన బొమ్మలో అది పల్చటి ఆకారాలుగా మిగులుతుంది. ఆ వృత్తిలో వాటిని దెయ్యాలంటారు. దెయ్యాలను తుడిచేసే కోడ్ రాసింది ఆమే. అందుకే ఆఫీసులో ఆమెను అందరూ భూతవైద్యురాలంటారు.

ఈ షెడ్డు వాళ్లు పొగ, నిప్పురవ్వలు అడ్డం రాకుండా అతుకు మాత్రం శుభ్రంగా కనపడాలన్నారు. ఆమె కోడ్‌ను బాగా బిగించింది. మూడు ఫ్రేముల్లో ఒకేలా లేనిదల్లా ఎగిరిపోతుంది, దాని చోట అంతకు ముందటి నిశ్చలమైన బొమ్మ వచ్చి కూర్చుంటుంది. యజమాని నడిచి వచ్చాడు, ఎగిరిపోయాడు. ఎవడో వెంట వచ్చాడు, ఎగిరిపోయాడు. పెనుగులాట, దెబ్బ, పడిపోవడం అన్నీ ఎగిరిపోయాయి. ముసలి యజమాని కదలడం మానేశాకే తెర మీదికి వచ్చాడు.

ఇన్‌స్పెక్టర్ గడ్డం గోక్కున్నాడు. "అంటే మీ సాఫ్ట్‌వేర్ అబద్ధం చెబుతుందంటారు."

"అబద్ధం కాదండీ. శుభ్రం చేస్తుంది."

"మీ అన్న లోపలికి వెళ్లాక గుర్తొచ్చిందా ఈ సంగతి?"

ఆమె ఆ ఎత్తిపొడుపును దిగమింగింది. విడి ఫ్రేములు ఉన్నాయని, షెడ్డు దూలానికి బిగించిన కెమెరా పెట్టెలోనే ఉంటాయని చెప్పింది. ఆఫీసు సర్వర్‌కు వచ్చేది కలిపేసిన వీడియో ఒక్కటే. విడి ఫ్రేములు బరువు కాబట్టి పెట్టె చివరి పావుగంటవి మాత్రమే దాచుకుంటుంది. ఆర్క్ వెలిగితే చాలు, రికార్డింగ్ మొదలై పాతవి ఒక్కొక్కటే చెరిగిపోతాయి. ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకుని, షెడ్డు మూసే ఉంది కదా, రేపు మనిషిని పంపుతానన్నాడు.

ఆమె మెట్లు దిగుతుండగా వదిన ఫోన్ చేసింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. సూపర్‌వైజర్ ఫోన్ చేశాడట. మధ్యాహ్నం నుంచి షెడ్డు తెరుస్తున్నామని, అన్నయ్య హెల్మెట్ అడ్డంగా ఉందని, వచ్చి పట్టుకుపొమ్మని చెప్పాడట. "నాకు అక్కడ అడుగు పెట్టాలంటే కాళ్లు ఆడడం లేదు. నువ్వు వెళ్తావా అమ్మాయ్?"

మధ్యాహ్నం ఒక్కడు వెల్డింగ్ రాడ్ అంటించినా, కాసేపటికి అన్నను కాపాడే ఫ్రేము పోతుంది. మధ్యాహ్నమే షెడ్డు తెరుస్తున్నారని, మళ్లీ పైకొచ్చి వాదించే వ్యవధి లేక తానే అక్కడికి వెళ్తున్నానని ఇన్‌స్పెక్టర్‌కు మెసేజ్ పెట్టి ఆటో ఎక్కింది.

దారిలో ఆమెకు ఒక విషయం గుర్తొచ్చింది. కెమెరా బిగించిన రోజు ఈ సూపర్‌వైజరే దాని ముందు అటూ ఇటూ గంతులేశాడు. తెర మీద తాను లేకపోవడం చూసి పగలబడి నవ్వాడు. అప్పులవాళ్లు వచ్చినప్పుడు ఇది ఇంట్లో పెట్టుకుంటానన్నాడు. ఆమె కూడా నవ్వుతూ చెప్పింది, కదిలితే మాయం, ఆగితే ప్రత్యక్షం అని. పెట్టె సంగతి, పాతవి చెరిగిపోయే సంగతి కూడా అడిగి మరీ తెలుసుకున్నాడు.

షెడ్డు షట్టరు సగం ఎత్తి ఉంది. కిటికీల్లేని రేకుల కట్టడం. లోపల కాలిన ఇనుము వాసన. గొలుసులతో కట్టిన గ్యాసు సిలిండర్లు, తుప్పు పట్టిన పైపులు, నడి మధ్యలో ఇనుప బల్ల. బల్లకు ఎర్త్ క్లాంపు, అంటే మెషిన్ తీగ పట్టు, తగిలించి ఉంది. పక్కనే వెల్డింగ్ మెషిన్ అప్పటికే గుర్రుమంటోంది. బల్ల వెనక నేల మీద ఎవరో ఇసుక చల్లారు. ఇసుక కింద నలుపు ఇంకా పూర్తిగా దాగలేదు.

సూపర్‌వైజర్ అగ్గిపుల్ల నములుతూ ఎదురొచ్చాడు. నలభై దాటిన మనిషి, దుక్కలా ఉంటాడు, ఎప్పుడూ ఏదో ఒక జోకు నోట్లో ఉంటుంది. ఆ రోజు మాత్రం ముఖం వేలాడేసుకున్నాడు. యజమాని తనకు తండ్రిలాంటివాడన్నాడు. ఆమె అన్న అలాంటి పని చేస్తాడని కలలో కూడా అనుకోలేదన్నాడు. బల్ల మీదున్న హెల్మెట్ చూపించాడు.

ఆమె హెల్మెట్ పక్కనే లాప్‌టాప్ పెట్టింది. ఎలాగూ వచ్చాను కాబట్టి కెమెరా ఒకసారి సరిచూస్తానని, లేకపోతే మధ్యాహ్నం పని రికార్డు కాదని చెప్పింది. అతడు భుజాలెగరేసి, ఫోన్ మాట్లాడుకుంటూ బయటికి నడిచాడు.

నిచ్చెన దూలానికి వాల్చే ఉంది. ఎక్కి, పెట్టెకు కేబుల్ తగిలించి, దిగి, ఫ్రేములు తెరిచింది. హత్య జరిగిన తునక ఆ పావుగంటలో మొదటి భాగంలోనే ఉంది. ఎక్కువసేపు తీసిన ఫ్రేములో యజమాని వెనక ఒక మనిషి పొగలా సాగిపోయి ఉన్నాడు. తల, చేతులు కలిసిపోయి ఒకటే చార. మధ్యరకం ఫ్రేములో ఆర్క్ వెలుగు ఉబ్బిపోయి, మనిషి ఉండాల్సిన చోట తెల్లటి బొబ్బలా ఉంది. ఎవరో ఉన్నారన్నది ఖాయం. ఎవరన్నది తేలలేదు.

పొట్టి ఫ్రేము తెరుస్తుండగా వెనక షట్టరు ధడేలుమని నేలకు తగిలింది.

షెడ్డు చీకటిగుయ్యారమైంది. రేకుల చిల్లుల్లోంచి సన్నటి వెలుగు గీతలు, లాప్‌టాప్ తెర, అంతే.

"కెమెరా సరిచూడ్డానికి పాత బొమ్మలెందుకు మేడం గారూ?"

సూపర్‌వైజర్ బల్ల దగ్గరికి వచ్చాడు. దారిలో గోడకున్న సుత్తి ఒకటి తీసుకున్నాడు. బెదిరిస్తున్నట్టు కాదు, చేతికి ఏదో ఉండాలన్నట్టు. వాటిని తనకూ చూపించమన్నాడు.

చూపించక తప్పలేదు. చారను చూసి, వీడెవడో పొగలా ఉన్నాడే అన్నాడు. తెల్ల బొబ్బను చూసి, దీన్ని పట్టుకుని కోర్టుకు వెళ్తే జడ్జి గారు కళ్ల డాక్టరు దగ్గరికి పంపుతారన్నాడు. ఆమె మూడోది తెరిచింది. తెరంతా కటిక నలుపు, ఒక మూల ఆర్క్ చుక్క మాత్రం మిలమిలలాడుతోంది.

"ఇదేంటి?"

"ఆర్క్ కోసం తీసేది. అందులో ఇంకేం ఉండదు."

అది అబద్ధం. కంటికి నలుపే కానీ, ఆ నలుపులో అంకెలు ఉంటాయి. సున్నాకు కాస్త పైన, ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడాతో. వాటిని పైకి లాగితే బొమ్మ లేస్తుంది. పైగా అది పొట్టి ఫ్రేము. అందులో కదిలే మనిషి సాగిపోడు, ఉన్నచోట గడ్డకట్టినట్టు ఆగిపోతాడు. ఆర్క్ వెలుగు నేరుగా ముఖం మీద పడుతున్నవాడైతే మరీను. ఈ సంగతి తనకు తెలిసినట్టు ముఖంలో కనపడకూడదు. అంతే చాలు.

అతడు ఊపిరి వదిలాడు. సుత్తి బల్ల మీద పెట్టాడు. మీ అన్నకు ఏం కావాలన్నా నాకు చెప్పండి, మంచి లాయరు ఉన్నాడు, అన్నాడు. హెల్మెట్ తీసి ఆమె చేతికిచ్చాడు. ఇక బయల్దేరవచ్చన్నాడు.

ఆమె లాప్‌టాప్ మూయబోయింది. ఆ ఒక్క క్షణం ఆలస్యం కొంప ముంచింది.

ఆ ఫ్రేములు చూసే పనిముట్టు కూడా ఆమె సొంతంగా రాసుకున్నదే. రోజుకు వందలసార్లు మీట నొక్కలేక, నల్లటి ఫ్రేము ఏదైనా తెర మీద కాసేపు కదలకుండా ఉంటే దానంతటదే వెలుగు పెంచేలా రాసింది. భూతవైద్యురాలికి బద్ధకమెక్కువని తోటివాళ్లు ఏడిపించేవారు.

నలుపు పల్చబడింది. బూడిదరంగైంది. ముందు అన్న వీపు, తర్వాత యజమాని నెరిసిన తల లేచాయి. ఆ తల వెనక, ఎత్తిన సుత్తి కింద, ఒక ముఖం. ఆర్క్ వెలుగులో కనుబొమల వెంట్రుకలు కూడా లెక్కపెట్టవచ్చు. బిగించిన పళ్ల మధ్య అగ్గిపుల్ల.

అతడు వంగి తెరలోకి చూశాడు.

"బాగా పడ్డానే," అన్నాడు సూపర్‌వైజర్.

సుత్తి లాప్‌టాప్ మీద దిగింది. తెర పెంకులై ఎగిరింది. రెండో దెబ్బ బల్ల అంచు మీదున్న ఆమె ఎడమచేతి మీద పడింది. ఎముకలు చిట్లిన చప్పుడు ఆమెకు ముందు వినపడింది, నొప్పి తర్వాత తెలిసింది. అరుపు గొంతు దాటేలోపే అతడు జుట్టు పట్టి ఆమె ముఖాన్ని ఇనుప బల్లకేసి కొట్టాడు. పన్ను ఊడింది. నోరంతా నెత్తురు. మోకాలితో డొక్కలో పొడిచాడు. ఆమె నేలకు జారి, ఇసుక చల్లిన చోట పడింది.

"మీ అన్నకేం తెలీదు పాపం. తల కూడా తిప్పలేదు," అన్నాడు, రొప్పుతూ. మామూలు సంగతి చెబుతున్నట్టు చెప్పుకొచ్చాడు. పగిలిన అతుకులను బాగున్నాయని సూపర్‌వైజరే సంతకాలు పెట్టి పంపేవాడు. అలా పంపిన ఒక ఆవిరి ట్యాంకు పేలి ఇద్దరు కూలీలు ఉడికి చచ్చారు. ముసలాయన కెమెరా పెట్టించింది అందుకే. వీడియోల్లో అతుకులు చూసుకుని, స్టేషన్‌కు నడవమని చొక్కా పట్టుకున్నాడు. "నడుస్తూనే ఉన్నాను. ఎక్కడా ఆగలేదు. నువ్వు చెప్పినట్టే చేశాను కదా."

ఆమె కడుపులో ఒక తన్ను తన్ని, అతడు తల పైకెత్తాడు. దూలం మీద పెట్టె ఉంది. లాప్‌టాప్ పోయినా అసలు ఫ్రేము అందులోనే ఉంది. ఆమె ఎక్కడికీ పోలేదు, షట్టరు మూసే ఉంది. ముందు పెట్టె, తర్వాత పిల్ల. సుత్తి పట్టుకుని నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టాడు.

ఆమె కుడిచేత్తో నేల తడిమింది. హెల్మెట్ తగిలింది. చిన్నప్పటి నుంచీ అన్న చెప్పిన పాఠం ఒకటే. తల ఒక్కసారి ఊపితే ముసుగు దిగుతుంది, ముసుగు దించాకే రాడ్ అంటించాలి. హెల్మెట్ తలకు తగిలించుకుని బల్ల కాలు పట్టుకుని లేచింది. మెషిన్ ఇంకా గుర్రుమంటోంది. హోల్డరు బల్లకు వేలాడుతోంది, రాడ్ బిగించే ఉంది.

అంటిస్తే రికార్డింగ్ మొదలవుతుంది. ఆర్క్ ఆరిపోయినా కొన్ని నిమిషాలు సాగుతుంది. అంతసేపూ పాత ఫ్రేములు వరసగా పోతుంటాయి. హత్య ఫ్రేము ఆ వరసలో ఎంతో వెనక లేదు. అంటించకపోతే పెట్టె పగులుతుంది, తర్వాత తన తల.

ఒక్కసారి. ఒక్కసారే.

"సూపర్‌వైజర్ గారూ," అని పిలిచింది.

అతడు నిచ్చెన చివరి మెట్ల మీద నుంచి కిందికి చూశాడు. చీకటికి అలవాటుపడి విచ్చుకున్న కళ్లతో, నేరుగా బల్ల వైపే. కెమెరాకు మూడు ఫ్రేములు. మనిషి కంటికి ఒక్కటే.

ఆమె రాడ్‌ను బల్లకు గీసింది.

తెల్లటి మంట చిమ్మింది. షెడ్డంతా ఎముక రంగైంది. ఆమె తల ఊపి ముసుగు దించేలోపే ఆ వెలుగు ఆమె కళ్లలోనూ పొడిచింది. పైన అతడు బొబ్బ పెట్టి రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నిచ్చెన పక్కకు ఒరిగింది. మనిషి పైపుల గుట్ట మీద పడి, అక్కడి నుంచి సిమెంటు నేల మీదికి జారాడు. పచ్చికట్టె విరిగినట్టు కాలు విరిగింది.

ఆమె హోల్డరును దూరంగా విసిరేసింది. ఆర్క్ ఆరింది. ముసుగు ఎత్తినా కళ్ల ముందు పచ్చటి మచ్చలు తప్ప ఏమీ లేవు.

అతడు మాత్రం ఆగలేదు. విరిగిన కాలిని ఈడ్చుకుంటూ, గుడ్డిగా, చేతులతో నేల మీద పాకుతూ వచ్చి ఆమె చీలమండ దొరకబుచ్చుకున్నాడు. లాగి కింద పడేసి మీదికెక్కాడు. సుత్తి తిప్పాడు, అది హెల్మెట్ మీద పడి ఆమె చెవులు గింగురుమన్నాయి. మళ్లీ తిప్పాడు, నేలకు తగిలి చెయ్యి జారింది. ఇక సుత్తి వెతుక్కోలేదు. రెండు బొటనవేళ్లూ ఆమె గొంతు గుంటలో దింపాడు. ఆమె విరిగిన చేత్తోనే అతడి కళ్లు పొడిచింది. నొప్పి భుజం దాకా పాకినా ఇంకా లోపలికి నొక్కింది. పట్టు ఒక్క క్షణం సడలింది. కుడిచేతికి సుత్తి పిడి తగిలింది.

మొదటి దెబ్బ మోచేతి మీద. అతడు పక్కకు దొర్లాడు. రెండోది ఇంకా విరగని మోకాలి చిప్ప మీద. అతడి నోట్లోంచి వచ్చింది మనిషి గొంతులా లేదు. మూడోసారి ఆమె సుత్తిని నెత్తి మీదికెత్తింది. తల ఎక్కడుందో మసకమసకగా కనపడుతోంది.

దించలేదు. పెట్టెలో ఆ ఫ్రేము మిగిలిందో లేదో తెలియదు. అది పోయి ఉంటే, అన్నను బయటికి తేగల నోరు లోకంలో ఇదొక్కటే.

సుత్తి ఒళ్లో పెట్టుకుని అతడి పక్కన కూలబడింది. అతడు స్పృహ తప్పాడు, కదలడం లేదు. ఆమె కూడా కదలలేదు. షట్టరు అవతల జీపు ఆగిన చప్పుడు వినపడేదాకా అలాగే కూర్చుంది.

మర్నాడు ఆమెను స్టేషన్‌లో కూర్చోబెట్టి ఇన్‌స్పెక్టర్ ఒక వీడియో పెట్టాడు. ఆమె ఆఫీసు సర్వర్‌కు కొత్తగా వచ్చినది. ఖాళీ షెడ్డు, ఇనుప బల్ల, దూలానికి వాల్చిన నిచ్చెన. నిచ్చెన మాయమై నేల మీద తేలింది. చాలాసేపు ఇంకేమీ లేదు. తర్వాత నేల మీద ఒక మగమనిషి ప్రత్యక్షమయ్యాడు, కాలు ఉండకూడని వైపు మడతపడి. అతడి పక్కన ఒక ఆడమనిషి, ఒళ్లో సుత్తి, గడ్డం నిండా నెత్తురు.

ఇన్‌స్పెక్టర్ దాన్ని మళ్లీ వెనక్కి తిప్పి చూశాడు. ఇంకోసారి చూశాడు.

"ఇదొక్కటే చూస్తే మిమ్మల్ని కూడా లోపలేయాలి."

"వేస్తే అన్నయ్య పక్క గది ఇప్పించండి," అందామె. పెదవి వాచిపోయి మాట సరిగా రావడం లేదు.

బల్ల మీద దూలం నుంచి దించిన పెట్టె ఉంది. పాత ఫ్రేముల్లో మొదటి భాగం చెరిగిపోయింది. యజమాని లోపలికి వచ్చినది లేదు, చొక్కా పట్టుకున్నది లేదు. మిగిలిన వాటిలో దాదాపు మొదటిదే ఆ నల్ల ఫ్రేము. ఆమె ఆఫీసు నుంచి తెప్పించిన ఇంకో లాప్‌టాప్‌లో, తన పనిముట్టుతోనే దాన్ని తెరిచి చేతులు వెనక్కి తీసుకుంది. ఏమీ నొక్కలేదు. కానిస్టేబుళ్లు కూడా వచ్చి కుర్చీ వెనక నిలబడ్డారు. నలుపు తనంతట తానే పల్చబడింది. అగ్గిపుల్ల కనపడగానే ఇన్‌స్పెక్టర్ లేచి, తాళాలు తీసుకురమ్మని కేకేశాడు.

అన్న బయటికి వచ్చేసరికి సాయంత్రమైంది. వదిన అతడి చొక్కా పట్టుకుని వదల్లేదు. అతడు చెల్లెలి చేతికున్న కట్టు చూశాడు, ఎర్రబడి నీళ్లు కారుతున్న కళ్లు చూశాడు. ఆమె ఒళ్లో ఉన్న హెల్మెట్ తీసుకుని, సొట్టపడిన చోట బొటనవేలితో రాశాడు. ఆ కళ్లు ఎందుకలా అయ్యాయో వెల్డర్‌కు ఒకరు చెప్పక్కర్లేదు.

"ముసుగు ఎప్పుడు దించావే?"

"అంటించాక."

"ముందు దించాలని ఎన్నిసార్లు చెప్పాను?"

"ముందే దించితే వాడు ఎటు చూస్తున్నాడో నాకు కనపడదు కదా అన్నయ్యా."

అతడు హెల్మెట్‌ను చంకలో పెట్టుకుని, ఇంకో చేత్తో ఆమె మోచెయ్యి పట్టుకుని, ఆ మసక కళ్లకు మెట్లు ఒక్కొక్కటే చెబుతూ కిందికి దించాడు.